ఐదింటి క్లాసు

నాకు నోటిదురుసు ఎక్కువని మా దవాఖానలో ఆయాల నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ల నర్సు ఉద్యోగంలో నేను పోట్లాడని డాక్టరు లేడు. అందుకే కాబోలు, నాంపల్లిలోని మా ట్రస్టు దవాఖాన వాళ్లు డిమెన్షియా వచ్చిన పెద్దల కోసం బుధవారం క్లినిక్ పెట్టినప్పుడు, "జమునా, ఇది నువ్వే నడపాలె" అని నా నెత్తిన పెట్టారు. ఈ జబ్బులో మనిషితో కంటే మనిషి ఇంట్లో వాళ్లతోనే పని ఎక్కువ. మందు రాయడానికి డాక్టరుకు ఐదు నిమిషాలు చాలు. ఆ మందు పెట్టుకొని మిగతా ఇరవై నాలుగు గంటలు ఎలా గడపాలో చెప్పడం నా పని.

మార్చి రెండో బుధవారం నాడు తల్లీకొడుకులు వచ్చారు. కొడుకు పేరు జితేందర్. నలభై దాటాయి, ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసులో పని. మెడలో ఐడీ కార్డు తీయకుండానే లంచ్ టైంలో పరుగెత్తుకొచ్చాడు. తల్లి అనసూయమ్మ మాత్రం ఏ తొందరా లేకుండా కూర్చున్నారు. గంజి పెట్టిన నేత చీర, గొలుసు కట్టిన కళ్లజోడు, ఎడమ చేతికి గడియారం. కూర్చున్న నిమిషంలోనే మా గోడ మీది పోస్టరు చూసి, "ఒక దీర్ఘం తప్పు పడ్డది. దిద్దించండి" అన్నారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

"సిస్టర్, మా నాన్న రోజూ సాయంత్రం ఇంట్లకెళ్లి ఎల్లిపోతున్నడు" అన్నాడు జితేందర్. "మొన్న నాంపల్లి రోడ్డు మీద పడిండు. ఆరు కుట్లు పడ్డయి. నేను మీటింగుల ఉంటే ఎవరో ఫోన్ చేసిన్రు. శంషాబాద్ దాటినంక ఒక హోం ఉంది. ఒకటో తారీకు తీసుకపోయి చేర్పిస్త. ఫారం మీద జర మీ డాక్టర్ సంతకం ఇప్పించున్రి."

"నేను ఒప్పుకోలే" అన్నారు అనసూయమ్మ, నా వైపే చూస్తూ. "నలభై ఆరేండ్ల సంసారం. ఆయన్ను నేను బాగు చేసుకుంట. నా పద్ధతి నాకుంది."

"నీ పద్ధతి ఏందమ్మా? ఆయన పడిండు. రేపు లారీ కింద పడితే?" అంటూ జితేందర్ కళ్లు తుడుచుకున్నాడు. వాడిని చూస్తే నాకు కోపం రాలేదు. తండ్రిని వదిలించుకోవాలనుకునే కొడుకులను నేను చూశాను. వాళ్లు ఏడవరు.

హోం అంటే చెడ్డదని నేను అనను. కొన్ని ఇళ్లకు అదొక్కటే దిక్కు. నేనే దగ్గరుండి పంపిన వాళ్లున్నారు. కానీ ఈయన ఏ టైంకు పోతారని అడిగితే, "ఐదింటికి, గడియారం పెట్టినట్టు" అన్నాడు జితేందర్. అది నాకు మింగుడు పడలేదు. సాయంత్రం పూట ఈ జబ్బు వాళ్లకు గాబరా ఎక్కువవుతుంది, నిజమే. అయితే ఒకనాడు నాలుగున్నరకు, ఒకనాడు ఆరుకు అవుతుంది. రోజూ సరిగ్గా ఐదింటికే ఎందుకు పోతున్నట్టు?

"ఒకటో తారీకుకు ఇంక ఇరవై రోజులున్నయి. ఫారం నా దగ్గర పెట్టి పోండి. రేపు నాలుగింటికి మీ ఇంటికొస్త. ఏం జరుగుతుందో చూసినంకనే సంతకం" అన్నాను.

వాళ్ల ఇల్లు ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో రెండో అంతస్తు. రెండు గదులు, వంటిల్లు. జితేందర్ కుటుంబం కింది అంతస్తులోనే ఉంటుంది. మెట్ల దగ్గర కొత్తగా ఇనుప గ్రిల్లు పెట్టించి తాళం వేశారు. తలుపు తీసింది జితేందర్ తండ్రి శ్రీపతి గారే. డెబ్బై రెండేళ్లు, బక్కపలచని మనిషి, నుదుటి మీద పట్టీ. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకొని, "రండమ్మా. పార్సిలా? మూట గట్టిగ కట్టిన్రా?" అన్నారు. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఐదేళ్లు క్లర్కుగా చేశారట. నా సంచీ పట్టుకొని చూసి, "బరువు తక్కువనే ఉంది. సాయంత్రం బండికి ఎక్కిద్దాం" అని ధైర్యం చెప్పారు. మనిషి మెత్తన. మాట మెత్తన. ఇలాంటి మనిషి రోజూ గ్రిల్లు ఊపి గోల చేస్తారని, కింద తాళం తీసిన కోడలు చెప్పిన మాట నమ్మబుద్ధి కాలేదు.

నాలుగూ ముప్పావు అయ్యేసరికి అనసూయమ్మ లేచి కళ్లజోడు తుడుచుకున్నారు. చాప పరిచారు. గోడకు పాతకాలపు నల్లబల్ల ఒకటి ఉంది, దాని మీద తేదీ రాశారు. కోఠిలో కొన్న ఎక్కాల పుస్తకం, రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు చాప ముందర పెట్టారు. సరిగ్గా ఐదింటికి, "రండి, కూసోండి" అన్నారు. శ్రీపతి గారు వచ్చి బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు.

నేను గుడ్లప్పగించి చూస్తుండిపోయాను. ఏడో ఎక్కం అయింది. పన్నెండు నెలల పేర్లయ్యాయి. ఆగస్టు తర్వాత నవంబరన్నారు ఆయన. "మళ్లీ మొదట్నుంచి" అన్నారు ఈమె. ఆ తర్వాత డిక్టేషన్.

"రాయండి. ఈ రోజు గురువారం. నేను ఆబిడ్స్‌లో ఉంటాను. నా కొడుకు పేరు జితేందర్. నా భార్య పేరు అనసూయ."

మూడు వాక్యాలు రాశారు. నాలుగో వాక్యం 'నా భార్య పేరు' దాకా వచ్చి పెన్సిలు ఆగిపోయింది. ఆయన ఎదురుగా ఉన్న మనిషిని చూశారు, పుస్తకాన్ని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్న పదిసార్లు రాయించిన. రాత్రి కూడ చెప్పిన. గుర్తు తెచ్చుకోండి" అన్నారు అనసూయమ్మ. గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటేనే బాగుండేది. ఆ నిదానం చూస్తే నాకే చిన్నప్పటి లెక్కల పీరియడ్ గుర్తొచ్చింది.

అప్పుడు శ్రీపతి గారు చెయ్యి పైకెత్తి చిటికెన వేలు చూపించారు. ఒంటికి వెళ్తానని బడిపిల్లలు చూపిస్తారే, అలా. అనసూయమ్మ తలూపారు. ఆయన మెల్లగా లేచి, బాత్రూం దాటి, చెప్పులేసుకొని, తలుపు తీసుకొని మెట్లు దిగిపోయారు. ఒక్క నిమిషంలో కింద గ్రిల్లు చప్పుడు మొదలైంది.

"చూసిన్రా? రోజూ గిదే" అన్నారు అనసూయమ్మ.

ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం నాకు తెలుసు గాని, ఎప్పుడు చెప్పాలో తెలియదు. అక్కడికక్కడే మొదలుపెట్టాను. ఇది జబ్బమ్మా, చదువు రాకపోవడం కాదు. విరిగిన కాలును పరుగెత్తమంటే పరుగెత్తుతుందా? మీరు ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆయన ఫెయిలవుతున్నాడు. ఆయనను ఇంట్లోంచి వెళ్లగొడుతున్నది జబ్బు కాదు, మీ క్లాసు. ఒకటి, పరీక్షలు పెట్టొద్దు. రెండు, తప్పులు దిద్దొద్దు. మూడు, ఆయన ఏ కాలంలో ఉంటే మీరూ ఆ కాలంలోకి పోవాలి. వేళ్లు మడిచి మరీ చెప్పాను.

అనసూయమ్మ కదలకుండా విన్నారు. తర్వాత చాక్‌పీసు పళ్లెంలో పెట్టి, చేతులు దులుపుకున్నారు.

"ముప్పై నాలుగేండ్లు గవర్నమెంటు బడిల చెప్పిన. ఇంట్ల ట్యూషన్ వేరే. మొద్దు పిల్లలనుకున్నోళ్లు ఇయ్యాల ఇంజనీర్లున్నరు. నా దగ్గర చదివినోళ్లు ఒక్కరు గూడ మరిచిపోలే. ఇగ నా మొగునికి ఎట్ల చెప్పాల్నో మీ దగ్గర నేర్చుకోవాల్నా? తలుపు గీడుంది సిస్టర్."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని గొణుక్కుంటూ మెట్లు దిగాను. గ్రిల్లు దగ్గర శ్రీపతి గారు చువ్వలు పట్టుకొని నిలబడి ఉన్నారు. "తాళంచెవి మీ దగ్గరుందా అమ్మా?" అని చాలా మర్యాదగా అడిగారు. జితేందర్ భార్య వచ్చి, ఆయనను భుజం పట్టుకొని పైకి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గది తలుపు తట్టాను. వాళ్లు నా దగ్గరికి రాకముందే మా డాక్టరు శ్రీపతి గారికి రాత్రి నిద్రగోలీ ఒకటి రాసి ఉన్నాడు. దానికి తోడు మధ్యాహ్నం ఇంకొకటి. బయటికి పోకుండా ఏదైనా ఇవ్వండని జితేందర్ ఫోనులో బతిమాలితే రాసిందది. ఆ మత్తులో నడిచే కదా ఆయన రోడ్డు మీద పడింది.

"మధ్యాహ్నం గోలీ తీసెయ్యండి సార్. ఆయన తిరుగుడు జబ్బుతోటి కాదు. ఆ ఇంట్ల ఐదింటికి బడి నడుస్తుంది. మనం మత్తు పెట్టి మరీ బడిల కూసోబెడుతున్నం" అన్నాను. చూసిందంతా చెప్పాను. మా డాక్టరు మంచివాడే. చీటీ మీద ఆ గోలీ కొట్టేసి, జితేందర్‌కు తనే ఫోన్ చేసి చెప్పాడు. ఫారం ఒకటో తారీకు దాకా ఆపుతానన్నాడు.

"ఇంతకు ఆ టీచరమ్మకు ఏం చెప్పినవు?"

"చెప్పాల్సిందే చెప్పిన. వినలే. తలుపు చూపించింది."

డాక్టరు నవ్వాడు. "అంటే నువ్వు గూడ పోయి క్లాసు పీకి వచ్చినవన్నట్టు."

ఒళ్లు మండింది. పోట్లాడదామని నోరు తెరిచాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అంతలోనే, నేను వేళ్లు మడిచి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది గుర్తొచ్చి సిగ్గేసింది. నేను పెట్టిన పరీక్షలో అనసూయమ్మ ఫెయిలయ్యారు. ఫెయిలైన వాళ్లు ఏం చేస్తారో ముందురోజే చూశాను. తలుపు వైపు చూస్తారు.

ఆదివారం నాకు సెలవు. సంచీ లేకుండా, ఫైలు లేకుండా, చీర కట్టుకొని చిరాగ్ అలీ లేన్‌కు పోయాను. అనసూయమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నన్ను చూసి ముఖం చిట్లించారు గాని, ఇంటికొచ్చిన మనిషిని పొమ్మనే పెంపకం కాదు. పీట జరిపారు. నేనూ ఒక గుప్పెడు కాయలు ముందరేసుకున్నాను.

"మా అమ్మ పేరు కిష్టవ్వ. జనగామ అవతల మా ఊరు. కూలికి పోయి నన్ను నర్సు చదివించింది" అన్నాను. "ఆమెకు గూడ గీ జబ్బే వచ్చింది. నేను అప్పటికే పదేండ్ల సర్వీసున్న నర్సును. అయినా నాకు తెల్వలే. రోజూ పొద్దుగూకంగనే మీ నాయిన ఇంకా రాలేదేందని అడిగేది. నాయిన చచ్చిపోయి ఏండ్లయింది కదనే అని చెప్పేదాన్ని. నిజం చెప్పుడే మంచిదనుకున్న. చెప్పిన ప్రతిసారి ఆమెకు అది కొత్త వార్తే. ప్రతిసారి గుండెలు బాదుకొని ఏడ్చేది. రెండేండ్లు, రోజూ, మా అమ్మకు నేను చావు కబురు చెప్పిన."

అనసూయమ్మ చేతిలో కాయ తుంచకుండా ఆగిపోయారు.

"ఆమె పోయినంక ఈ జబ్బు గురించి చదువుకున్న. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు. వస్తడులే అమ్మా, బువ్వ తిను అంటే సరిపోయేది. గంతే. మొన్న మీ మీద అరిచింది గూడ మీ మీద కోపంతోటి కాదు. నా మీద నాకున్న కోపం."

అనసూయమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ మాట్లాడారు. ఆ గొంతులో బడి లేదు.

"నాకు తెల్వదనుకుంటున్నరా సిస్టర్, ఎక్కాలతోటి బాగుకారని? నెలల పేర్లు పోతే పోనీ. వారాలు పోనీ. ఆ నాలుగో వాక్యం ఒక్కటి ఉంటే చాలు నాకు. పొద్దున మూడింటికి లేచి అదే ఫికర్. నన్ను ఎవరని అడిగే దినం వస్తే నేనెట్ల బతకాలె? పిల్లలకు ఏదన్న నిలవాల్నంటే మల్ల మల్ల రాయించుడొక్కటే నాకు తెలుసు. ఇంకోటి రాదు నాకు."

ఇంత తెలివైన మనిషి ఇంత పొరపాటు చేయడానికి కారణం భయం. దానికి నా దగ్గర మందు లేదు. ఆయనకు మీ పేరు గుర్తుండేటట్టు చేస్తానని చెప్పలేను, చెబితే అబద్ధం. అందుకని సలహా చెప్పడం మానేసి ఒకటే అడిగాను.

"ఇయ్యాల ఐదింటికి గ్రిల్లు తాళం తీద్దాం. ఆయన ఎక్కడికి పోతడో, ఆయన వెనక మనిద్దరం పోదాం. గోలీ మత్తు గూడ లేదు కదా."

కింద ఉన్న జితేందర్‌ను ఒప్పించడం కష్టమే అయింది. "ఏమన్న అయితే బాధ్యత మీది" అన్నాడు. "నాదే" అన్నాను. ఆ మాట అన్నాక నా అరచేతుల్లో చెమట పట్టిందని వాడికి చెప్పలేదు.

ఐదింటికి అనసూయమ్మ చాప పరిచారు. శ్రీపతి గారు చిటికెన వేలు చూపించి మెట్లు దిగారు. గ్రిల్లు తెరిచే ఉంది. ఆయన ఒకసారి వెనక్కి చూసి, వీధిలోకి నడిచారు. నాలుగడుగుల వెనక నేను, నా వెనక అనసూయమ్మ.

ఆదివారం కదా, ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచారు. ఆయన ఒక్క పుస్తకం మీద కాలు పడకుండా, మనుషులకు తగలకుండా నడుస్తున్నారు. దారి తప్పిన మనిషి నడక కాదది. డ్యూటీకి పోయే మనిషి నడక. స్టేషన్ రోడ్డు దాటే చోట ఆటోలు, బస్సులు ఆగకుండా వస్తున్నాయి. నేను గబగబా పక్కకు చేరి, "సార్, నాకు రోడ్డు దాటాలంటే భయం. జర దాటించున్రి" అన్నాను. ఆయన వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. "నాతోటి రండమ్మా, భయపడొద్దు" అని అటూ ఇటూ చూసి నన్ను జాగ్రత్తగా దాటించారు. వెనక్కి చూస్తే అనసూయమ్మ నన్నే చూస్తున్నారు. ఆ చూపు మంచి పాఠం చెప్పిన కొత్త టీచరును చూసినట్టుంది.

స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు పక్కన ఒక బెంచీ ఉంది. శ్రీపతి గారు దాని మీద దుమ్ము దులిపి, ఆ చివర కూర్చున్నారు. ఈ చివర నేను కూర్చున్నాను. అనసూయమ్మ వెనక స్తంభానికి అవతల నిలబడ్డారు.

"ఎవరన్న వస్తున్నరా సార్?" అని అడిగాను.

"ఎవరు లేరమ్మా. డ్యూటీ అయిపోయింది."

"మరి ఇంటికి పోరా?"

"ఇప్పుడెట్ల పోత?" అన్నారు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఐదింటికెల్లి మా ఇంట్ల ట్యూషన్ నడుస్తది. చిన్న ఇల్లు. ఇరవై మంది పిల్లలు. కాలు పెట్ట జాగుండదు. నేను పోతే మల్ల ఆమెకు ఇబ్బంది. ఏడైతే పిల్లలు పోతరు. అప్పుడు పోత."

"రోజూ గిట్లనే కూసుంటరా?"

"ఔ. రోజూ. ఏడు దాకా ఆమె అందరికి టీచరమ్మ. ఏడు దాటినంక మా అనసూయ."

అడగకుండానే చెప్పారు. పెన్సిలు లేదు, పుస్తకం లేదు. రోజూ పదేసిసార్లు రాయించినా రాని పేరు, మంచినీళ్లు తాగినంత సులువుగా వచ్చేసింది. వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది.

ఆయనే మళ్లీ అన్నారు. "ఈ మధ్య ఇంట్ల ఇంకో టీచరమ్మ వచ్చింది. మంచిదే, కొట్టదు. కానీ పేర్లు అడుగుతది. నాకు రావు. మస్తు సిగ్గయితది. అనసూయకు చెప్పాలె, జర ఆమెతోటి మాట్లాడి నన్ను వదిలేయించమని."

స్తంభం అవతల నుంచి అనసూయమ్మ వచ్చారు. ముఖం కొంగుతో తుడుచుకొని, కళ్లజోడు తీసి చేతి సంచిలో వేశారు. గడియారం విప్పి అదీ సంచిలో వేశారు. టైం ఐదూ నలభై. జన్మలో ఒక్క తప్పునూ దిద్దకుండా వదలని ఆ హెడ్‌మిస్ట్రెస్, ఆయన ముందర నిలబడి, "ఏడైంది. పిల్లలు పోయిన్రు. ఇంటికి పోదాం రండి" అన్నారు.

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. ఎవరనుకున్నారో నాకు తెలియదు. కానీ లేచారు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. దారిలో ఒక్కచోట అనసూయమ్మ నా వైపు తిరిగి, "ముప్పై ఏండ్లు ట్యూషన్ చెప్పిన సిస్టర్. ఓవర్ టైం ఉందని చెప్పేవాడు నాకు" అన్నారు.

ఆ మర్నాటి నుంచి అంతా సర్దుకుందని చెబితే నేను అబద్ధాలకోరునవుతాను. నల్లబల్ల మీద గుడ్డ కప్పారు. ఐదింటికి కళ్లజోడు, గడియారం తీసేసి, ఇంట్లో కట్టుకునే చీరతో పక్కన కూర్చొని చాయ్ తాగాలని నిర్ణయించుకున్నారు. మూడు రోజులు బాగానే గడిచింది. నాలుగో రోజు అలవాటు కొద్దీ, "ఇయ్యాల ఏ వారం?" అని నోరు జారారు. చిటికెన వేలు లేచింది. ఫోను చేసి నాతో ఈ సంగతి చెప్పి, "నేను ఫెయిల్" అన్నారు. "సప్లిమెంటరీ ఉంటది టీచరమ్మా, ఫికర్ చెయ్యకున్రి" అన్నాను. మొదటిసారి ఆమె నవ్వు విన్నాను.

మిగతాది మామూలు నర్సు పని. ఆయన జేబులో ఇంటి చిరునామా, ఫోను నంబరు రాసిన కార్డు పెట్టించాను. వీధి చివర కిరాణా దుకాణం అతనికి చెప్పి ఉంచాం. మధ్యాహ్నం రెండు గంటలు కోడలు పైకొచ్చి కూర్చుంటే, అనసూయమ్మ పడుకోవాలని ఒప్పందం. నెలల తరబడి సరిగా నిద్రపోని మనిషి, మొదటి రోజు సాయంత్రం దాకా లేవలేదట.

ముప్పై ఒకటో తారీకు సాయంత్రం జితేందర్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. ఫారం గడువు మర్నాటితో సరి. కళ్లారా చూస్తే గాని నమ్మనన్నాడు, న్యాయమే. నన్నూ రమ్మన్నాడు. గ్రిల్లు తెరిచి ఉంది. ఐదయింది. అనసూయమ్మ చాయ్, బిస్కట్లు తెచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఐదుంబావు అయింది. శ్రీపతి గారు బిస్కట్టు చాయ్‌లో ముంచుకొని తింటున్నారు. ఒకసారి తలుపు వైపు చూశారు. మళ్లీ చాయ్ వైపు చూశారు.

ఐదున్నరయింది. జితేందర్ ఉండబట్టలేక తండ్రి ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నాన్నా, ఈమె ఎవరు? పేరేంది, చెప్పు" అన్నాడు.

ఒద్దని చెప్పేలోపే అడిగేశాడు. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది? శ్రీపతి గారు అనసూయమ్మ ముఖంలోకి చూశారు. చెవులు ఎర్రబడుతున్నాయి. నేను అనసూయమ్మను చూశాను. ఆ పేరు కోసం పొద్దున మూడింటికి లేచి కూర్చున్న మనిషి. ఒక్క అక్షరం అందిస్తే చాలు, మిగతాది ఆయనే చెబుతారేమోననే ఆశ ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది. పెదవులు విచ్చుకున్నాయి కూడా.

"పేరుతోటి ఏం పని?" అన్నారు అనసూయమ్మ. "చాయ్ సల్లారుతుంది, తాగండి."

శ్రీపతి గారు తాగారు. కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకొని, ఆమె దగ్గరికి కొంచెం జరిగారు. రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించారు.

"ఆ టీచరమ్మ ఉండె చూడు, వస్తలేదు. ట్రాన్స్‌ఫర్ అయినట్టుంది" అన్నారు. "మంచిగైంది. పాపం, ఆమెకు గూడ అస్సలు రెస్టు లేకుండె."

అనసూయమ్మ ఏడుస్తున్నారని నాకు తెలిసింది. ఆయనకు తెలియకుండా ఉండాలని ముఖం ఇటు తిప్పుకున్నారు.

"ఔ" అన్నారు చివరికి. "మస్తు అలిసిపోయింది ఆమె."

జితేందర్ లేచి వరండాలోకి పోయి హోంకు ఫోను కలిపాడు. రేపు రావడం లేదని, ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వమని వాళ్లతో చెబుతున్న మాట లోపలికి వినపడింది. శ్రీపతి గారు పళ్లెంలో మిగిలిన ఒక్క బిస్కట్టును రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆమె చేతిలో పెట్టారు.